ఎంక్యాట్ సైన్స్ పాసేజ్‌లు: చదివితే అర్థమవుతోంది, ప్రశ్న దగ్గరికొస్తే పోతోంది

సింధు_షార్లెట్
జనవరి 11, రాత్రి 11:48

అందరికీ నమస్తే. మే నెలలో ఎంక్యాట్, అదే ఇక్కడి మెడికల్ కాలేజీల ప్రవేశ పరీక్ష, రాస్తున్నాను. బయోకెమిస్ట్రీ మేజర్, మూడో సంవత్సరం. ఎనిమిదో తరగతి మధ్యలో ఖమ్మం నుంచి ఇక్కడికి, అమెరికాకి వచ్చేశాం, కాబట్టి తెలుగులో తప్పులుంటే సర్దుకోండి.

నా బాధ ఇది. పాసేజ్ లేకుండా విడిగా వచ్చే ప్రశ్నలు, డిస్క్రీట్లు, సెక్షన్‌కి 15 ఉంటాయి కదా, వాటిలో 13 దాకా వస్తున్నాయి. మిగిలిన 44 పాసేజ్‌ల మీద వచ్చేవి. అక్కడే కూలబడుతున్నాను. నిన్న రాసిన ప్రాక్టీస్ టెస్టు బయో సెక్షన్‌లో 21 తప్పులు, అందులో 19 పాసేజ్ ప్రశ్నలే.

పాసేజ్ చదువుతున్నంతసేపు అంతా అర్థమైనట్టే ఉంటుంది. ప్రశ్న చూడగానే బుర్ర ఖాళీ. మళ్ళీ పైకి వెళ్ళి మొదటి నుంచి చదువుతాను. ఒక్కోదానికి 11, 12 నిమిషాలు పడుతోంది. చివరి రెండు పాసేజ్‌లకి టైమ్ ఉండదు, కళ్ళు మూసుకుని అన్నిటికీ సి కొట్టేస్తున్నాను.

పుస్తకాలన్నీ మళ్ళీ మొదటి నుంచి తిరగేయమంటారా? నాకు సబ్జెక్టు రాదేమో అని టెన్షన్‌గా ఉంది.


గ్రాఫ్_గోపి
జనవరి 12, ఉదయం 12:20

సింపుల్. ముందు ప్రశ్నలు చదువు, తర్వాత పాసేజ్‌లో వెతుక్కో. పాసేజ్ మొత్తం చదవడం టైమ్ వేస్ట్. నేను కెమ్‌ఫిజ్ (కెమిస్ట్రీ, ఫిజిక్స్ సెక్షన్) అలాగే రాశాను, 132కి 129 వచ్చింది.


రెసిడెంట్_రవి
జనవరి 12, ఉదయం 6:05

డ్యూటీకి వెళ్ళే ముందు చూశాను, రెండు ముక్కలు రాసి వెళ్తా.

ముందు లెక్క చూద్దాం. సెక్షన్‌కి 95 నిమిషాలు, 59 ప్రశ్నలు. 15 డిస్క్రీట్లకి నిమిషం చొప్పున తీసేస్తే 80 నిమిషాలు మిగులుతాయి. పాసేజ్‌లు 10. అంటే ఒక్కోదానికి 8 నిమిషాలు, చదవడమూ జవాబులూ కలిపి. నువ్వు 12 తీసుకుంటున్నావంటే ప్రతి రెండు పాసేజ్‌లకీ ఇంకో పాసేజ్ టైమ్ తినేస్తున్నావన్నమాట. చివర్లో మిగిలిపోవడం ఖాయం.

గోపీ, నీ పద్ధతి కెమ్‌ఫిజ్‌లో నడుస్తుంది. అక్కడ సగం ప్రశ్నలు పాసేజ్‌లో ఒక సంఖ్యో ఫార్ములానో ఏరుకుంటే అయిపోతాయి. ఇంతకీ బయోలో నీకెంత వచ్చింది?


గ్రాఫ్_గోపి
జనవరి 12, ఉదయం 9:31

126. సరే అన్నా, అర్థమైంది.


బెజవాడ_బైపీసీ
జనవరి 12, మధ్యాహ్నం 1:15

సింధూ, నాదీ ఇంచుమించు నీ కథే, కాకపోతే నేను వేరే దారిలో వచ్చాను. విజయవాడలో ఇంటర్ బైపీసీ, హాస్టల్. నీట్ రాశాను, సీటు రాలేదు, నాన్న ఉద్యోగం వల్ల టెక్సస్ వచ్చి ఇక్కడ డిగ్రీ చేస్తున్నా.

అక్కడ మాకు నేర్పింది ఒకటే: ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో ఏ వాక్యం ఏ పేజీలో ఉందో కూడా గుర్తుండాలి. నీట్ బయాలజీకి అది పనిచేస్తుంది కూడా. ఇక్కడికొచ్చి మొదటి బయో పాసేజ్ తెరిస్తే మొదటి లైన్‌లోనే జన్మలో వినని ప్రోటీన్ పేరు. ఈ చాప్టర్ నాకెవరూ చెప్పలేదే అని కంగారుపడి ఆ పేరు వెతకడానికి పుస్తకాలు తీశాను. చాలా రోజుల తర్వాత ఒక సీనియర్ చెప్పాడు, ఆ పేరు ఎవరికీ తెలియదురా, తెలియకూడదనే అక్కడ పెట్టారు అని.

ఇంకో రోగం కూడా ఉండేది నాకు. నీట్‌లో తప్పు రాస్తే ఒక మార్కు పోతుంది కదా, ఆ భయంతో మొదటి ప్రాక్టీస్ టెస్టులో 9 ప్రశ్నలు ఖాళీగా వదిలేశాను. ఎంక్యాట్‌లో నెగటివ్ మార్కింగ్ లేదు. ఇండియా నుంచి వచ్చినవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి ఒక్కటి కూడా ఖాళీ వదలకండి.


ఎంజైమ్_అక్క
జనవరి 12, సాయంత్రం 7:40

సింధూ, ఎవరి సలహా తీసుకోవాలో తర్వాత చూద్దువు గానీ, ముందు ఆ 21 తప్పులనీ వరసగా తీసి ఒక్కోదాని పక్కన ఎందుకు తప్పిందో ఒక్క ముక్కలో రాయి. "సరిగ్గా చదవలేదు" అని రాయకు, అది కారణం కాదు. ఏం చదవలేదో రాయి. గ్రాఫ్‌లో వై అక్షం చూడలేదా, ప్రశ్నలో "నాట్" చూడలేదా, లేక నిజంగానే ఆ విషయం తెలియదా.

పుస్తకాలు మళ్ళీ తిరగేయాలో లేదో ఆ కాగితమే చెప్తుంది. నేను కొన్నేళ్ళుగా పిల్లలకి చెప్తున్నాను, పాసేజ్‌లు రావట్లేదని వచ్చేవాళ్ళలో చాలామంది అప్పటికే చాప్టర్లన్నీ రెండోసారి చదువుతూ ఉంటారు. అదయితే హాయిగా ఉంటుంది కదా, తెలిసినవే చదువుతుంటే.


సింధు_షార్లెట్
జనవరి 13, రాత్రి 10:02

అక్కా, చేశాను. రెండున్నర గంటలు పట్టింది. ఆ సెక్షన్ రాసినంతకంటే ఎక్కువసేపు.

టైమ్ లేక గుడ్డిగా కొట్టి పోయినవి 7. గ్రాఫో టేబులో తప్పుగా చదివినవి 5. ప్రశ్న ఏం అడిగిందో చూడకుండా ఇంకోదానికి జవాబు చెప్పినవి 4. పాసేజ్‌లో లేకపోయినా క్లాసులో విన్నది గుర్తొచ్చి రాసినవి 2. నిజంగా సబ్జెక్టు తెలియనివి 3. అందులో రెండు డిస్క్రీట్లే.

21లో మూడే! నేను మాత్రం పండగ సెలవుల్లో మెటబాలిజం అంతా మళ్ళీ చదువుదామని ప్లాన్ వేసుకున్నాను.


ఎంజైమ్_అక్క
జనవరి 13, రాత్రి 11:20

చూశావా.

ఇప్పుడు అసలు విషయం. రీసెర్చ్ పాసేజ్ ఎంత చుట్టూ తిప్పి రాసినా లోపల ఉండేది మూడు: ఏది మార్చారు, ఏది కొలిచారు, దేనితో పోల్చారు. మొదటి పేరా అంతా నేపథ్యం, ఫలానా ప్రోటీన్ ఫలానా చోట ఉంటుంది అని. దాన్ని తేలిగ్గా చదువుకుంటూ పో. "పరిశోధకులు" అనే మాట వచ్చిన దగ్గర బ్రేకు వెయ్యి. అక్కణ్ణుంచి నెమ్మదిగా.

మాటలతో చెప్తే ఎక్కదు. నేనే ఒకటి అల్లాను, ఇది ఏ పరీక్షలోదీ కాదు.

కండరాల కణాలు గ్లూకోజ్‌ను లోపలికి తీసుకోవడంలో ప్రోటీన్ పి పాత్ర ఉందని పరిశోధకులు అనుకున్నారు. ప్రోటీన్ పిలో 120వ స్థానంలో సెరీన్ అనే అమైనో ఆమ్లం ఉంది. దానికి కైనేజ్ కె అనే ఎంజైమ్ ఫాస్ఫేట్ తగిలిస్తుందని అనుమానం. మందు ఎం ఆ కైనేజ్‌ను ఆపుతుంది. ఆ సెరీన్ బదులు అలనిన్ పెట్టి ఎస్120ఏ కణాలు, గ్లుటమేట్ పెట్టి ఎస్120ఈ కణాలు తయారుచేశారు. మూడు రకాల కణాల్లోనూ లోపలికి వెళ్ళిన గ్లూకోజ్‌ను మందు లేకుండా ఒకసారి, మందు ఇచ్చి ఒకసారి కొలిచారు. మందు లేని మామూలు కణాల విలువను 100గా తీసుకున్నారు.

మామూలు కణాలు: మందు లేకుండా 100, మందుతో 40.
ఎస్120ఏ కణాలు: మందు లేకుండా 42, మందుతో 41.
ఎస్120ఈ కణాలు: మందు లేకుండా 98, మందుతో 96.

ప్రశ్న: ఈ ఫలితాలు కింది వాటిలో దేన్ని ఎక్కువగా సమర్థిస్తాయి?
ఎ. మందు వల్ల కణంలో ప్రోటీన్ పి తయారీ తగ్గుతుంది.
బి. ఇన్సులిన్ కండరాల కణాల్లోకి గ్లూకోజ్ ప్రవేశాన్ని పెంచుతుంది.
సి. 120వ సెరీన్ మీద ఫాస్ఫేట్ చేరకుండా చేసి మందు గ్లూకోజ్ ప్రవేశాన్ని తగ్గిస్తుంది.
డి. మందు కణాలను చంపేస్తుంది, అందుకే గ్లూకోజ్ తగ్గింది.

జవాబు ఒక్కటీ చెప్తే ఒప్పుకోను. మిగతా మూడూ ఎందుకు కావో కూడా రాయండి.


బెజవాడ_బైపీసీ
జనవరి 14, ఉదయం 8:10

నేను బి అంటాను. ఇన్సులిన్ వస్తే కండరాల్లోకి గ్లూకోజ్ వెళ్తుంది, అందులో అనుమానం ఏముంది? మిగతావన్నీ అనుమానంగానే ఉన్నాయి.


సింధు_షార్లెట్
జనవరి 14, మధ్యాహ్నం 12:35

బి నిజమే కానీ ఈ ప్రయోగంలో ఇన్సులిన్ ఎక్కడుంది? ఎవరూ ఇవ్వలేదు, ఎవరూ కొలవలేదు. నేను తప్పు చేసిన ఆ రెండు ప్రశ్నల రకమే ఇది. ఇంటి నుంచి తెచ్చుకున్న జ్ఞానం.

ఎ కాదు, ఎందుకంటే ప్రోటీన్ ఎంత ఉందో వాళ్ళు కొలవనే లేదు. వెస్టర్న్ బ్లాట్ లాంటిది ఏదైనా ఉంటే చెప్పొచ్చేమో. డి అయితే, మందు చంపేదే అయితే ఎస్120ఈ కణాలు కూడా చావాలి కదా, అక్కడ 96 ఉంది. కాబట్టి సి.

ఎస్120ఏలో ఫాస్ఫేట్ తగలడానికి చోటే లేదు, అలనిన్‌కి హైడ్రాక్సిల్ ఉండదు. గ్లుటమేట్‌కి రుణావేశం ఉంటుంది కాబట్టి ఫాస్ఫేట్ ఎప్పుడూ తగిలే ఉన్నట్టు నటిస్తుంది. కరెక్టేనా అక్కా?


ఎంజైమ్_అక్క
జనవరి 14, సాయంత్రం 6:50

బంగారం. "ఎక్కడుంది, ఎవరూ కొలవలేదు" అన్నావు చూడు, ఆ ఒక్క మాటతో బయోలో సగం తప్పుడు ఆప్షన్లు రాలిపోతాయి.

బైపీసీ తమ్ముడూ, బాధపడకు. బి లాంటి ఆప్షన్ పెట్టేదే నీలాంటి బాగా చదివినవాళ్ళ కోసం. చదవనివాడికి అది నిజమో కాదో కూడా తెలియదు, వాడు దాటిపోతాడు.


బెజవాడ_బైపీసీ
జనవరి 14, రాత్రి 9:15

సరే అక్కా, తప్పు ఒప్పుకున్నా. ఇప్పుడు నాదొక ప్రశ్న. ఎస్120ఏ కణాలకి మందిచ్చినా 42 నుంచి 41కే దిగింది. మందు ఆ సెరీన్ ద్వారానే పనిచేస్తోందనడానికి అది చాలు కదా? మూడో రకం కణాలు ఎందుకు, అనవసరంగా?


ఎంజైమ్_అక్క
జనవరి 14, రాత్రి 10:30

ఇది నేను అల్లిన ప్రశ్న కంటే మంచి ప్రశ్న.

ఎస్120ఏ వరస ఒక్కటే ఉంటే చాలదు. 40 దగ్గరే నేల ఉందనుకో. అంటే ఈ కణాల్లో ప్రోటీన్ పితో సంబంధం లేకుండా ఎలాగూ 40 దాకా గ్లూకోజ్ వెళ్తుంది, అంతకంటే తగ్గే వీలే లేదు. అప్పుడు మందు ఏ దారిలో పనిచేసినా అక్కడ తేడా కనిపించదు. బావిలో నీళ్ళు అప్పటికే అడుగంటితే బొక్కెన వేసినా వెయ్యకపోయినా ఒకటే.

ఎస్120ఈ వరస చూడు. అక్కడ దిగడానికి 98 నుంచి 40 దాకా బోలెడు చోటుంది, అయినా మందు దించలేకపోయింది. కైనేజ్‌ని ఆపినా, ఫాస్ఫేట్ వేషం వేసుకున్న గ్లుటమేట్ అక్కడ కూర్చుని ఉంది కాబట్టి. సాక్ష్యం అంతా ఆ వరసలోనే ఉంది. ప్రయోగాన్ని ఎందుకలా చేశారు, ఏ కంట్రోల్ దేనికి అని అడిగే ప్రశ్నలు సరిగ్గా ఇక్కడి నుంచే వస్తాయి.


రెసిడెంట్_రవి
జనవరి 15, ఉదయం 5:50

అక్క చెప్పినదానికి ఒక చేర్పు. ఈ పరీక్ష పెట్టే ఏఏఎంసీ వాళ్ళే ప్రకటించిన పంపకం ఉంది. ఉత్త జ్ఞానం అడిగే ప్రశ్నలు 35 శాతం, తెలిసినదాన్ని వాడి ఆలోచించేవి 45, ప్రయోగ నిర్మాణం మీద 10, గ్రాఫులు స్టాటిస్టిక్స్ మీద 10. సింధు కాగితంలో 21లో 3 మాత్రమే సబ్జెక్టు లోపం అని రావడానికి కారణం ఇదే.

అలాగని సబ్జెక్టు వదిలేయమని కాదు. అమైనో ఆమ్లాలు 20 పేర్లు, మూడక్షరాల కోడ్, ఒక్క అక్షరం కోడ్, ఏది ఆమ్లం ఏది క్షారం, నిద్రలో లేపి అడిగినా రావాలి. పైన ఎస్120ఈ అని చూడగానే సెరీన్ పోయి గ్లుటమేట్ వచ్చింది అని వెలగకపోతే ఆ పాసేజ్ మొత్తం గ్రీకే. నేను ఒకసారి కె అంటే పొటాషియం అనుకుని లైసిన్ ప్రశ్న తగలేశాను. ఇప్పటికీ ఇంట్లో తమ్ముడు వెక్కిరిస్తాడు.

అలాగే ఎంజైమ్ నిరోధకాలు. కాంపిటిటివ్ అయితే కేఎం (సగం వేగానికి కావలసిన సబ్‌స్ట్రేట్ గాఢత) పెరుగుతుంది, వీమ్యాక్స్ (గరిష్ఠ వేగం) కదలదు. అన్‌కాంపిటిటివ్ అయితే రెండూ తగ్గుతాయి. అసలైన నాన్‌కాంపిటిటివ్ అయితే వీమ్యాక్స్ తగ్గి కేఎం అలాగే ఉంటుంది. ఇవి పరీక్షలో కూర్చుని రాబట్టుకునేవి కావు. ముందే వచ్చి ఉండాలి, అప్పుడే మిగిలిన టైమ్ గ్రాఫ్‌కి పెట్టగలవు.


ఫిజిక్స్_భయం
జనవరి 16, రాత్రి 8:44

అందరూ బయో గురించే మాట్లాడుతున్నారు. కెమ్‌ఫిజ్‌లో నాలాంటివాళ్ళ గతేంటి? కాలిక్యులేటర్ కూడా ఇవ్వరు. పాసేజ్‌లో రక్తనాళం అని మొదలుపెట్టి మధ్యలో ఫార్ములా పడేస్తారు. చూడగానే చేతులు చల్లబడతాయి.


గ్రాఫ్_గోపి
జనవరి 16, రాత్రి 9:30

ఇక్కడ నేను మాట్లాడొచ్చు కదా ఇప్పుడు?

ఫార్ములా చూడగానే లెక్క మొదలుపెట్టకు. ఏది మారుతోంది, ఏది మారట్లేదు, అంతే చూడు. ఉదాహరణకి నాళంలో ద్రవ ప్రవాహం ఎంతో చెప్పే పోయిజాయ్ సూత్రం ఇచ్చారు, నాళం వ్యాసార్థం 20 శాతం తగ్గింది, మిగతావేవీ మారలేదు, ప్రవాహం ఎంతవుతుంది అన్నారు. పీడనం, స్నిగ్ధత, పొడవు, పై, 8 అన్నీ పక్కన పెట్టెయ్. ప్రవాహం వ్యాసార్థం నాలుగో ఘాతంతో పోతుంది. 0.8 వర్గం 0.64. దాన్ని మళ్ళీ వర్గం చేస్తే 0.41. అంటే సుమారు 41 శాతం. పెన్ను పట్టుకునే పనే లేదు.

ఆప్షన్లలో 80 శాతం, 64 శాతం తప్పకుండా ఉంటాయి. ఘాతం మర్చిపోయినవాళ్ళకి ఒకటి, సగంలో ఆగిపోయినవాళ్ళకి ఒకటి. నీ తప్పు కోసం వాళ్ళు ముందే కుర్చీ వేసి ఉంచుతారు.

పీహెచ్ కూడా అంతే. హైడ్రోజన్ అయాన్ల గాఢత 2 × 10⁻⁵ అయితే పీహెచ్ 4, 5 మధ్యలో ఉండాలి. లాగ్ 2 విలువ 0.3, కాబట్టి 4.7. లాగ్ 2, లాగ్ 3 రెండూ గుర్తుంటే బతికేయొచ్చు. లాగ్ 3 సుమారు 0.48.


ఫిజిక్స్_భయం
జనవరి 16, రాత్రి 10:12

0.64 దగ్గర ఆగేది నేనే. నిన్న కూడా ఆగాను. థ్యాంక్స్ గోపీ.


రాజమండ్రి_అమ్మ
జనవరి 19, ఉదయం 10:25

పిల్లలూ, నేను పరీక్ష రాసేదాన్ని కాదు, మా అబ్బాయి మార్చిలో రాస్తున్నాడు. అడిగితే చిరాకు పడుతున్నాడు, అందుకని ఇక్కడ చదువుతున్నాను. సగం అర్థం కాలేదు కానీ ఆ బావి సంగతి అర్థమైంది. వాడు శనివారాలు ఏడున్నర గంటలు గది తలుపు వేసుకుని రాస్తాడు. నేనేమైనా చేయగలిగింది ఉందా?


బెజవాడ_బైపీసీ
జనవరి 19, ఉదయం 11:00

అమ్మా, ఆ ఏడున్నర గంటలూ మిక్సీ వేయకండి చాలు.


రెసిడెంట్_రవి
జనవరి 19, సాయంత్రం 6:15

అమ్మా, ఇంకోటి కూడా ఉంది. మధ్యలో 30 నిమిషాల విరామం వస్తుంది, దాని తర్వాత సెక్షనే బయో. మా అమ్మ ప్రేమగా డబ్బా నిండా పెరుగన్నం కట్టిచ్చింది. ప్రాక్టీస్ టెస్టులో అది తిని కూర్చుంటే మూడో పాసేజ్‌కే కళ్ళు మూతలు పడ్డాయి. తర్వాతి వారం నుంచి అరటిపండు, వేరుశనగపప్పు. పెరుగన్నం పరీక్షయ్యాక పెట్టండి.

ఎంతొచ్చిందని టెస్టు అవగానే అడక్కండి. మర్నాడు అడగండి.


రాజమండ్రి_అమ్మ
జనవరి 19, రాత్రి 8:40

అయ్యో, నేను తలుపు తీయగానే అదే అడుగుతాను నాయనా.


సింధు_షార్లెట్
ఫిబ్రవరి 9, రాత్రి 11:15

మళ్ళీ వచ్చాను. నాలుగు వారాలుగా రోజుకి మూడు పాసేజ్‌లు, ఎనిమిది నిమిషాల టైమర్ పెట్టి చేస్తున్నా. టైమ్ 9 నిమిషాలకి వచ్చింది కానీ అక్కడే ఆగిపోయింది.

ఇంకో సందేహం. హైలైట్ ఎంత చేయాలి? నేను చేస్తే స్క్రీనంతా పెళ్ళికూతురికి పసుపు రాసినట్టు అవుతోంది.


ఎంజైమ్_అక్క
ఫిబ్రవరి 10, సాయంత్రం 7:05

నవ్వొచ్చింది. నాలుగైదు చోట్ల చాలు. ఏది పెరిగింది, ఏది తగ్గింది, "కానీ", "అయితే" తర్వాత వచ్చే విషయం, ఎవరికి ఏ మోతాదు. వాక్యం మొత్తం కాదు, మాట మీద మాత్రమే.

ప్రోటీన్లు ఒకదాన్నొకటి ఆపుతూ పెంచుతూ ఉన్న పాసేజ్ అయితే హైలైట్ అసలు మానెయ్. బోర్డు పుస్తకం, మార్కర్ ఇస్తారు కదా, దాని మీద బాణాలు గీయి. పెంచితే బాణం, ఆపితే అడ్డగీత. మందు ఆపేది కైనేజ్‌ని, కైనేజ్ ఆపేది ఇంకో ప్రోటీన్‌ని అయితే మందిస్తే ఆ ప్రోటీన్ పెరుగుతుంది. రెండు అడ్డగీతలు కలిస్తే బాణం. ఇది బుర్రలో చేద్దామనుకుంటే ఒత్తిడిలో తలకిందులవుతుంది. నాకు ఇప్పటికీ అవుతుంది, జర్నల్ పేపర్లు చదివేటప్పుడు కూడా గీసుకుంటాను.

తొమ్మిది దగ్గర ఎందుకు ఆగావో చూద్దాం. ప్రశ్న చదివి ఎన్నిసార్లు పాసేజ్‌లోకి పైకి వెళ్తున్నావు?


సింధు_షార్లెట్
ఫిబ్రవరి 10, రాత్రి 9:50

లెక్కపెట్టాను. ఐదు ప్రశ్నల పాసేజ్‌కి ఐదుసార్లూ వెళ్ళాను.


ఎంజైమ్_అక్క
ఫిబ్రవరి 10, రాత్రి 10:15

అందులో కనీసం ఒకటి రెండు ప్రశ్నలకి పాసేజ్‌తో పనే ఉండదు. పాసేజ్ కింద వేలాడుతుంటాయి గానీ నిజానికి డిస్క్రీట్లే. "పై ఎంజైమ్‌లోని హిస్టిడిన్ పీహెచ్ 7.4 దగ్గర ఎలా ఉంటుంది" అంటే ఎంజైమ్ పేరు ఏదైతే నీకెందుకు? హిస్టిడిన్ పక్క గొలుసు పీకేఏ (సగం అణువులు ప్రోటాన్ వదిలేసే పీహెచ్) సుమారు 6 అని తెలిస్తే ఎక్కువ భాగం ఆవేశం లేకుండా ఉంటుందని చెప్పేయొచ్చు.

ప్రశ్న చదవగానే ఆప్షన్లు చూడకముందే ఒక్క క్షణం ఆగి తేల్చుకో: ఇది నాకు తెలియాల్సిందా, పాసేజ్‌లో దొరికేదా, రెండూ కలపాలా. దొరికేదైతేనే పైకి వెళ్ళు, అదీ ఎక్కడుందో తెలుసుకుని.


గ్రాఫ్_గోపి
ఫిబ్రవరి 11, ఉదయం 10:10

గ్రాఫ్ సంగతి నేను చెప్తా, పేరులోనే ఉంది కదా. జవాబు వెతకడానికి వెళ్ళకముందే ఎక్స్ అక్షం, వై అక్షం, యూనిట్లు, ఎర్రర్ బార్లు (కొలత ఎంత అటూ ఇటూ అవ్వొచ్చో చూపే గీతలు), నక్షత్రం గుర్తు (తేడా స్టాటిస్టిక్స్ ప్రకారం లెక్కలోకి వస్తుందనే గుర్తు) దేనితో దేన్ని పోల్చి పెట్టారు, ఇవి చూడాలి. ఒక కమ్మీ ఎత్తుగా కనబడినంత మాత్రాన పెరిగినట్టు కాదు. నక్షత్రం లేకపోతే, ఎర్రర్ బార్లు ఒకదాని మీదొకటి పడుతుంటే "పెరిగింది" అన్న ఆప్షన్‌ని నేను చచ్చినా నమ్మను. లాగ్ స్కేల్ అయితే ఒక గడి తేడా అంటే పది రెట్లు. దాన్ని మామూలు స్కేల్ అనుకుని చదివి ఒకసారి మొత్తం పాసేజ్ పోగొట్టుకున్నా.


సింధు_షార్లెట్
మార్చి 22, మధ్యాహ్నం 3:30

నిన్న ఫుల్ టెస్టు. బయోలో పాసేజ్‌లన్నీ పూర్తయ్యాయి, నాలుగు నిమిషాలు మిగిలింది కూడా! తప్పులు 11. వాటిలో గ్రాఫ్ తప్పు ఒక్కటే. సబ్జెక్టు తెలియనివి 6 ఉన్నాయి, అంటే ఇప్పుడు పుస్తకం తెరవాల్సిన రోజొచ్చింది. మూత్రపిండాలు, హార్మోన్లు. అప్పుడు పండగ సెలవుల్లో చదివి ఉంటే మెటబాలిజం చదివేదాన్ని, అందులో ఒక్క తప్పు కూడా లేదు.

ఒక పాసేజ్‌లో మాత్రం 13 నిమిషాలు ఇరుక్కుపోయాను.


రెసిడెంట్_రవి
మార్చి 23, ఉదయం 5:45

అలాంటిది ప్రతి సెక్షన్‌లో ఒకటి ఉంటుంది. దాంతో కుస్తీ పట్టకు. తోచింది కొట్టి, ఫ్లాగ్ పెట్టి ముందుకి పో. చివరి పాసేజ్‌లో ఉండే సులువైన ప్రశ్నకీ, దీనిలోని కష్టమైన ప్రశ్నకీ మార్కు ఒకటే.


రాజమండ్రి_అమ్మ
మార్చి 30, రాత్రి 9:00

మావాడు రాసేశాడు. బయటికి రాగానే ఎలా రాశావు అని అడగలేదు. ఏం తింటావు అని అడిగాను. పెరుగన్నం అన్నాడు.


సింధు_షార్లెట్
మే 17, రాత్రి 8:20

రాశాను! ఏడు గంటల పైన కూర్చుని నడుము పట్టేసింది. అక్కా, బయోలో ఒక పాసేజ్ వచ్చింది, అందులో [తొలగించబడింది] మీరు అల్లినదానికి అచ్చం అక్కచెల్లెలు. బాణాలు గీసేశాను. గ్లుటమేట్ చూడగానే నవ్వొచ్చింది, పక్కసీటాయన నావైపు చూశాడు.


నిర్వాహకులు
మే 17, రాత్రి 8:41

సింధు గారూ, మీ పోస్టులో పాసేజ్ విషయం చెప్పిన రెండు వాక్యాలు తీసేశాం. పరీక్షలో వచ్చినది బయట చెప్పబోమని మీరు అక్కడ ఒప్పుకుని వచ్చారు. దయచేసి ఎవరూ అడగవద్దు కూడా.


సింధు_షార్లెట్
మే 17, రాత్రి 8:55

అయ్యో, సారీ. సంతోషంలో మర్చిపోయాను. స్కోరు రావడానికి ఇంకా నెల ఉంది. అప్పటిదాకా నా తప్పుల కాగితం నమూనా ఎవరికైనా కావాలంటే ఇక్కడే పెడతాను. ఐదు గడులే, చేత్తో గీసుకున్నది.


ఫిజిక్స్_భయం
మే 17, రాత్రి 9:10

పెట్టు పెట్టు. నాది జూన్‌లో. ఆరో గడి నేనే గీసుకుంటా, "0.64 దగ్గర ఆగాను" అని.